ఎలుకల్లో కాలేయ మార్పిడి: చెయ్యి వేగం కంటే ముందు చూడాల్సినవి

కాకినాడ నుంచి ఒక పీహెచ్‌డీ విద్యార్థిని అడిగిన సంగతి ఇది. ఎలుకల్లో కాలేయ మార్పిడి చేస్తున్నారు. సర్జరీ పూర్తవుతోంది, ఎలుక మత్తు నుంచి తేరుకుని నీళ్లు కూడా తాగుతోంది, కానీ చాలావరకు రెండో రోజు దాటడం లేదు. అన్‌హెపాటిక్ టైమ్, అంటే పాత కాలేయానికి రక్తం ఆపిన దగ్గర్నుంచి కొత్తదానికి రక్తం అందేవరకు పట్టే సమయం, 28 నిమిషాల దగ్గర ఆగిపోయింది. పోర్టల్ వీన్ (పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే సిర) కఫ్, కింది వీనా కావా (గుండెకి రక్తం తీసుకెళ్లే పెద్ద సిరలో కాలేయానికి దిగువ భాగం) కఫ్ రెండూ పెట్టాకే క్లాంపులు తీస్తున్నారు. కఫ్ అంటే కుట్టు బదులు సిరల్ని కలిపే చిన్న ప్లాస్టిక్ గొట్టం, క్లాంపు అంటే రక్తం ఆపే క్లిప్పు. మంచి మైక్రోస్కోప్ కొనిపించాలా, తీసిన కాలేయానికి సెలైన్ లాంటి రింగర్ లాక్టేట్ బదులు, అవయవాల నిల్వ కోసమే తయారైన యూడబ్ల్యూ ద్రావణం వాడాలా, చెయ్యి వేగం ఎలా పెంచుకోవాలి, హెపాటిక్ ఆర్టరీ (కాలేయానికి వెళ్లే ధమని) కూడా కలపాలా అన్నవి ఆమె ప్రశ్నలు.

నేను వెటర్నరీ చదివి, ఉద్యోగమంతా లాబొరేటరీ జంతువుల సర్జరీలోనే గడిపినవాణ్ణి. రిటైరై పాలకొల్లులో ఉంటున్నాను. తెలిసినంత చెప్తానండి, కాస్త పెద్దదే అవుతుంది.

అమ్మా, మీరు ఇంత వివరంగా రాశారు గానీ చనిపోయిన ఎలుకల్ని కోసి చూశారా లేదా అన్నది ఎక్కడా రాయలేదు. మైక్రోస్కోప్, ద్రావణం, వేగం అన్నీ దాని తర్వాతే. ఎందుకు పోయిందో తెలియకుండా ఇంకో ఎలుకని బల్ల మీద పడుకోబెట్టడం ఆ జీవికి అన్యాయం, మీ థీసిస్‌కీ దండగ. పోస్ట్‌మార్టమ్ నోట్సు రాయకుండా తర్వాతి సర్జరీ తేదీ వేసుకోకండి.

ఇందులో మొదటి ఇబ్బంది టైమింగ్. సాయంత్రం బాగానే ఉంది, పొద్దున్న వచ్చేసరికి పోయింది అంటే అప్పటికే లోపల కుళ్లడం మొదలైపోతుంది. రక్తనాళంలో గడ్డ సర్జరీ వల్ల కట్టిందా, చనిపోయాక కట్టిందా అని తేల్చడం కష్టం. అందుకని మొదటి రాత్రి ఎవరో ఒకరు ఉండాలి. గంటగంటకీ చూడాలి. వీపు వంచి మూలకి నక్కి, వెంట్రుకలు నిక్కబొడుచుకుని, ఒళ్లు చల్లబడి, చేత్తో కదిపినా కదలకపోతే ఇక అది బతకదు. అలాంటి దశ వస్తే ఏం చెయ్యాలో మీ సంస్థలోని జంతు నైతిక కమిటీకి ఇచ్చిన ప్రొటోకాల్‌లో ముందే రాసి ఉండాలి. దాని ప్రకారం నొప్పి లేకుండా ముగించి అప్పటికప్పుడే తెరిచి చూడండి. దాని బాధ తగ్గుతుంది, మీకు అసలు కారణం కంటికి కనిపిస్తుంది.

తెరిచాక ఏ క్రమంలో చూడాలో చెప్తాను. ముందు పేగుల రంగు. పేగులన్నీ ఉబ్బి వంకాయ రంగుకి తిరిగి, కాలేయం మాత్రం పాలిపోయి ఉంటే పోర్టల్ వీన్‌లో తేడా: మెలిక పడింది, లేదా కఫ్ దగ్గర రక్తం గడ్డకట్టింది. దానికి తిరగేసి, కాలేయమే ఉబ్బి నల్లబడి పొట్టలో నీరు చేరితే రక్తం లోపలికి వెళ్తోంది గానీ బయటికి రావడం లేదు. పైన డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య పొర) దగ్గర మీరు కుట్టిన వీనా కావా ఇరుకైంది. మూత్రపిండాలు రెండూ వాచి, వెనక కాళ్లు ఉబ్బితే కింది వీనా కావా కఫ్ మూసుకుపోయింది. పొట్టలో పసుపుపచ్చ మరకలు, కాలేయం అంచుకి పేగు అతుక్కుని ఉంటే పైత్యరసం కారుతోంది. ఇది సాధారణంగా మూడో రోజు నుంచి వారం లోపల చంపుతుంది. నాళాలన్నీ తెరిచే ఉండి, కాలేయం మచ్చలు మచ్చలుగా పాలిపోయి ఉంటేనే 'గ్రాఫ్ట్ (పెట్టిన కొత్త కాలేయం) పనిచేయలేదు' అనాలి, అప్పుడే ద్రావణం గురించి ఆలోచించాలి.

బల్ల మీదే, క్లాంప్ తీసిన కొన్ని నిమిషాల్లో పోయిందనుకోండి. అది వేరే కథ. రక్తస్రావం కావచ్చు, చల్లటి ద్రావణం ఒక్కసారిగా గుండెకి తగిలి ఉండవచ్చు, గాలి బుడగ వెళ్లి ఉండవచ్చు. గాలి అని అనుమానం వస్తే ఛాతీ తెరిచి, అందులో సెలైన్ పోసి, గుండె కుడివైపు గదిని ఆ నీటి కిందే సన్నగా గాటు పెట్టండి. బుడగలు పైకి వస్తే అనుమానం తీరిపోయినట్టే. ఛాతీ తెరిచినప్పుడు ఊపిరితిత్తుల్ని కూడా చూడండి. పై క్లాంప్‌లో డయాఫ్రమ్ మరీ ఎక్కువ పట్టుబడితే చిరిగి ఛాతీలోకి గాలి పోయి ఉంటుంది.

మీ ఎలుకలు తేరుకుని నీళ్లు తాగి రెండో రోజు పోతున్నాయంటే, చూడకుండా చెప్పాల్సి వస్తే నా అనుమానం పోర్టల్ కఫ్ మెలిక మీద. దానికి తోడు 28 నిమిషాలపాటు పేగుల్లో నిలిచిన రక్తం. ఈ రెండూ విడివిడిగా అయితే ఎలుక తట్టుకోవచ్చు, కలిస్తే కష్టం.

ఇప్పుడు ఆ 28 నిమిషాల సంగతి. ఎలుక పోర్టల్ వీన్ క్లాంప్‌ని ఎక్కువసేపు ఓర్చుకోలేదు. పేగుల నుంచి వచ్చే రక్తమంతా అక్కడే ఆగిపోతుంది, గుండెకి చేరే రక్తం పడిపోతుంది, పేగు గోడ దెబ్బతింటుంది. 20 నిమిషాల లోపు ఉంటే మంచిది, 15కి దగ్గరైతే ఇంకా మంచిది, 25 దాటిన ప్రతి నిమిషమూ ప్రమాదమే. 1973లో లీ, ఆయన సహచరులు ఎలుకలో మొదటిసారి ఈ ఆపరేషన్ పద్ధతిని ప్రచురించినప్పుడు నాళాలన్నీ చేత్తోనే కుట్టేవారు. ఎందరు ప్రయత్నించినా అది కొద్దిమందికే పట్టుబడింది. 1979లో కేంబ్రిడ్జ్‌లో కమడ, కాల్న్ అనే సర్జన్లు పోర్టల్ వీన్‌కి కుట్టు బదులు చిన్న ప్లాస్టిక్ కఫ్ పెట్టారు. తర్వాత కింది వీనా కావాకి కూడా కఫ్ వచ్చింది. ఇవాళ ఎక్కువమంది చేసేది ఈ రెండు కఫ్‌ల పద్ధతే. కుట్టు అవసరమయ్యేది పైన ఒక్కచోటే.

మీరు రాసిన వరుసలో ఒక మార్పు చేస్తే చాలు, చెయ్యి ఏమాత్రం వేగం పెరగకుండానే కొన్ని నిమిషాలు మిగులుతాయి. పై వీనా కావా కుట్టడం అయ్యాక పోర్టల్ కఫ్ పెట్టి, ఆ రెండు క్లాంపులూ వెంటనే తీసెయ్యండి. కాలేయానికి రక్తం వెళ్తుంది, పేగుల బరువు దిగిపోతుంది, అన్‌హెపాటిక్ ఫేజ్ అక్కడితో అయిపోయింది. కింది వీనా కావా క్లాంప్ అలాగే ఉంచి, ఆ కఫ్ తర్వాత నిదానంగా పెట్టుకోవచ్చు. మీరు దాన్ని కూడా పూర్తిచేసేదాకా పోర్టల్ మూసి ఉంచుతున్నారు. అది అక్కర్లేదు.

ఇక పోర్టల్ కఫ్ గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే గెలుపోటములు నిజంగా ఇక్కడే. 200 నుంచి 250 గ్రాముల ఎలుకకి సెలైన్ ఎక్కించే 14 గేజ్ కాన్యులా, అంటే నర్సులు నారింజరంగుది అనేది, సరిపోతుంది. ఎలుక చిన్నదైతే బూడిదరంగు 16 గేజ్. కింది వీనా కావాకి 8 ఫ్రెంచ్ పాలిథిలీన్ ట్యూబ్. కఫ్ మొత్తం పొడవు 4 మిల్లీమీటర్లు. అందులో 2 మిల్లీమీటర్లు పూర్తి గొట్టం, మిగతా రెండింటిలో సగం చుట్టు కోసేసి ఒక చిన్న నాలుకలా వదలాలి. క్లాంప్‌తో పట్టుకునేది ఆ నాలుకనే. గొట్టం చుట్టూ బ్లేడుతో సన్నటి గీత గీస్తే దారం జారదు. కోశాక అంచుని మైక్రోస్కోప్ కింద తప్పకుండా చూడండి. కంటికి కనపడని చిన్న పొలుసు మిగిలినా అది సిర లోపలి పొరని గీరుతుంది, రాత్రికల్లా అక్కడ గడ్డ తయారవుతుంది. కఫ్‌లు సర్జరీ రోజు పొద్దున్న హడావిడిగా కోసుకునేవి కావు. ముందువారమే ఓ డజను చేసి, ఒక్కోటీ పరీక్షించి, స్టెరైల్ చేసి డబ్బాలో పెట్టుకోవాలి.

డోనర్ కాలేయం తీసేముందు పోర్టల్ వీన్‌కి చేరే చిన్న కొమ్మల్ని కట్టి, ప్లీహం సిర కలిసే చోటుకి దగ్గరగా కొయ్యండి. మరీ పొట్టిగా కోస్తే తర్వాత లాగుతుంది, మరీ పొడుగ్గా వదిలితే మడత పడుతుంది. చల్లటి సెలైన్ గిన్నెలో సిర కొసని కఫ్ లోంచి లాగి, నాలుకని క్లాంప్‌తో పట్టుకుని, రెండు సన్నటి ఫోర్సెప్స్‌తో అంచుని బయటికి తిప్పి కఫ్ మీదికి మడవాలి. అది తడిగా ఉంటేనే మడుస్తుంది. ఆరితే అంటుకుని చిరుగుతుంది, కాబట్టి పక్కనున్నవాళ్లు బొట్టు బొట్టుగా సెలైన్ వేస్తూ ఉండాలి. 6-0 సిల్క్ దారంతో ఆ గీతలో ముడి వెయ్యండి. అప్పుడు కఫ్ నోట్లోకి చూడండి. తెల్లగా, నున్నగా, గుండ్రంగా లోపలి గోడ చుట్టూ ఒకేలా కనిపించాలి. ఎక్కడైనా ఏటవాలు మడతలు కనిపిస్తే సిర మెలిక పడినట్టు. ముడి విప్పి మళ్లీ చెయ్యండి. కాలేయం ఐసులో ఉంది, మరో రెండు నిమిషాలు ఓర్చుకుంటుంది. మెలిక తర్వాత కూడా పడవచ్చు, రెసిపియెంట్‌లో, అంటే కాలేయం అందుకునే ఎలుకలో, పెట్టేటప్పుడు. అందుకే నాలుక ఎప్పుడూ ఒకే దిక్కుకి ఉండేలా ఒక నియమం పెట్టుకుని, కఫ్ కట్టేటప్పుడూ లోపలికి దూర్చేటప్పుడూ అదే దిక్కు సరిచూసుకోండి.

రెసిపియెంట్ పోర్టల్ వీన్‌ని కాలేయానికి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా కొయ్యండి. మిగిలిన సిర ముక్క పొడుగ్గా ఉంటే కఫ్ దూర్చడం తేలిక. ముడి దారం ముందే చుట్టి సిద్ధంగా ఉంచుకోండి. రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ కలిపిన సెలైన్‌తో లోపలి రక్తపు ముద్దల్ని కడిగేశాకే కఫ్ పెట్టండి.

పైన కుట్టు సంగతి కొంత. డోనర్ వైపు వీనా కావా పొట్టిగా ఉండాలి, రెసిపియెంట్ వైపు కాస్త పొడుగ్గా. 7-0 లేదా 8-0 ప్రోలీన్ దారంతో రెండు మూలల్లో ముందు నిలుపుడు కుట్లు, తర్వాత వెనక గోడ లోపలి నుంచి, ఆపైన ముందు గోడ. ఆరేడు కుట్లు ఒక్కో గోడకి సరిపోతాయి. ఎక్కువ వేసి, దారం బిగించి లాగితే సంచి మూతిలా ముడుచుకుపోతుంది. కాలేయం నల్లబడి పోయిన ఎలుకల్లో మీకు కనిపించేది అదే. చివరి కుట్టుకి ముందు సెలైన్ నింపి గాలి వెళ్లగొట్టడం మరవద్దు. కుట్టు బదులు అయస్కాంత వలయాలతో ఇక్కడ కలిపే పద్ధతి కూడా ఇప్పుడు ఉంది, అది అన్‌హెపాటిక్ టైమ్‌ని బాగా తగ్గిస్తుంది. కానీ వలయాలు దొరకడం, సైజు కుదరడం మీ దశలో అదనపు తలనొప్పి. చేత్తో కుట్టడం వచ్చాకే దాని జోలికి వెళ్లండి.

వేగం ఎలా అన్నారు. బతికున్న ఎలుక మీద నేర్చుకోవద్దు. అది నా గట్టి అభిప్రాయం. 1959లో రస్సెల్, బర్చ్ జంతు ప్రయోగాలకి ప్రతిపాదించిన మూడు సూత్రాల్లో జంతువుల సంఖ్య తగ్గించడం ఒకటి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర కమిటీ, ఇప్పుడు సీసీఎస్ఈఏ అంటున్నాం, అడిగేదీ అదే. మన గోదావరి జిల్లాల్లో కోళ్ల షాపు లేని సెంటర్ లేదు. బ్రాయిలర్ తొడ లోపల ఎముక వెంబడి పోయే ధమని, సిర మైక్రోసర్జరీ సాధనకి చక్కగా పనికొస్తాయి. రెక్కలో ఉండేవి ఇంకా సన్నం. కఫ్ మీదికి సిర మడవడం అక్కడే చేతికి పట్టుబడాలి. మటన్ షాపులో మేక కార్జం కొయ్యకుండా, కింద నాళాలతో సహా ఇమ్మని అడగండి. పోర్టల్ వీన్‌లోకి గొట్టం పెట్టి సెలైన్ వదిలితే ఎర్రటి కార్జం ముక్క ముక్కగా లేత గోధుమరంగుకి తిరగడం కళ్లారా చూస్తారు. ఏ భాగం ఎర్రగానే మిగిలిపోతోందో, బాటిల్ ఎత్తు పెంచితే కాలేయం ఎలా బిగుసుకుంటుందో అర్థమవుతుంది. ఎలుకకి ఒత్తిడి చాలా తక్కువుండాలి. జానెడు ఎత్తు మించకండి, సిరంజితో తోసేటప్పుడు తొందర అస్సలు వద్దు.

పై కుట్టుని సాధన చెయ్యడానికి రెండు సిలికాన్ ట్యూబు ముక్కల్ని టీ గ్లాసు అడుగున అమర్చి కుట్టండి. అసలు కష్టం కుట్టు కాదు, లోతు. పక్కటెముకల కింద చేతులకి చోటుండదు. చదునైన బల్ల మీద కుట్టినవాళ్లు అక్కడికి వెళ్లాక తడబడతారు. మణికట్టు బల్లకి ఆనించే ఉండాలి. నరసాపురం లేసు అల్లే ఆడవాళ్ల చేతుల్ని గమనించారా? మోచెయ్యీ మణికట్టూ కదలవు, వేళ్ల కొసలే ఆడతాయి. అలా ఉండాలి. వాళ్లెవరూ తొందరపడరు. ఒక్క కదలిక కూడా వృథా చెయ్యరు కాబట్టే పని త్వరగా అవుతుంది.

తర్వాత మీ కాలేజీలో వేరే ప్రాజెక్టుల్లో ప్రాణం పోయిన ఎలుకలుంటాయి. కమిటీకి చెప్పి, వాటిని అడిగి తీసుకుని డోనర్ ఆపరేషన్ మొత్తం వాటి మీద చెయ్యండి. ఎడమ ఫ్రెనిక్ సిర, కుడి అడ్రినల్ సిర, అన్నవాహిక వైపు వెళ్లే కొమ్మలు కళ్లు మూసుకున్నా గుర్తుపట్టే స్థితి వచ్చాకే ప్రాణమున్న ఎలుక. అది కూడా మొదట్లో మత్తులోనే ముగిసేలా అనుమతి తీసుకుని.

అసిస్టెంట్ విషయం కూడా. రోజుకొకరు మారితే మీ టైమ్ ఎప్పటికీ తగ్గదు. ఒక్కరినే పెట్టుకోండి, ఇద్దరూ కలిసి కోడి తొడ మీద సాధన చెయ్యండి.

మన వాతావరణం ఒక పెద్ద శత్రువు, ఇది ఎవరూ పుస్తకాల్లో రాయరు. ఉక్కపోతకి తట్టుకోలేక థియేటర్లో ఏసీ పూర్తిగా పెడతాం. మనకి హాయి, ఎలుకకి చలి. పొట్ట తెరిచి, లోపల 4 డిగ్రీల గ్రాఫ్ట్ పెట్టాక దాని ఒంటి వేడి చూస్తుండగానే పడిపోతుంది. వెచ్చటి ప్యాడ్ మీద, మలద్వారంలో థర్మామీటర్ పెట్టి, 37 దగ్గర్లో నిలపండి. పోసే సెలైన్ కూడా వెచ్చగా ఉండాలి. థర్మోస్టాట్ లేని ప్యాడ్ వద్దు, వోల్టేజ్ హెచ్చుతగ్గులకి చర్మం కాలిపోతుంది. పోర్టల్ క్లాంప్ పడగానే మత్తు ఇచ్చే ఐసోఫ్లూరేన్ బాగా తగ్గించాలి. బీపీ పడిపోయి ఉంది, మామూలు మోతాదే ఎక్కువైపోతుంది. తర్వాత ఓ రెండు మూడు మిల్లీలీటర్ల వెచ్చటి ద్రవం, కొంచెం గ్లూకోజు, బ్యుప్రెనార్ఫిన్. నొప్పి మందు ఎగ్గొట్టకండి. నొప్పితో ఉన్న ఎలుక తినదు, తినని ఎలుక కోలుకోదు.

ఐసుకి భీమవరం, కాకినాడ వైపు కొదవేముంది, రొయ్యల పుణ్యమా అని. కానీ ఆ ఐసు కాలేయానికి నేరుగా తగలకూడదు. దంచిన ఐసులో స్టీలు గిన్నె, గిన్నెలో స్టెరైల్ సెలైన్, అందులో గ్రాఫ్ట్. ఐసులో ఉప్పు పడకూడదు, పడితే సున్నా కిందికి వెళ్లి అంచులు గడ్డకడతాయి.

ద్రావణం ప్రశ్నకి: కాలేయం తీసిన గంట, గంటన్నరలో మీరు పెట్టేస్తున్నారు. దానికి చల్లటి రింగర్ లాక్టేట్, హెపారిన్ చాలు. యూడబ్ల్యూ గొప్పతనం గంటల తరబడి నిల్వ ఉంచినప్పుడే తెలుస్తుంది. మీ ఎలుకల చావులకి కారణం అది కాదు. ఒకవేళ వాడినా, అందులో పొటాషియం లీటరుకి దాదాపు 120 మిల్లీమోల్ ఉంటుంది కాబట్టి క్లాంప్ తీసేముందు రింగర్‌తో కడిగెయ్యాలి, లేకపోతే గుండె ఆగిపోతుంది.

మైక్రోస్కోప్: సిరలకీ కఫ్‌లకీ మంచి లూప్ అద్దాలైనా (కళ్లకి పెట్టుకునే భూతద్దాలు) చాలు, ఆరు నుంచి పది రెట్లు చూపించే పాత మైక్రోస్కోప్ ఉంటే ఇంకేం కావాలి. గైడ్‌ని అడిగితే మంచి మైక్రో ఫోర్సెప్స్ అడగండి. కొసలు వంగిన ఫోర్సెప్స్‌తో ఎవరి చేతులైనా వణుకుతాయి.

ఇంకొకటి, మీరు వాడేవి విస్టార్ ఎలుకలు అనుకుంటాను. అవి ఒకదానికొకటి జన్యుపరంగా ఒకేలా ఉండవు, వారం తర్వాత రిజెక్షన్ (ఒళ్లు కొత్త కాలేయాన్ని తిరస్కరించడం) వచ్చి మీ లెక్కల్ని తికమక చేస్తుంది. వీలైతే జన్యుపరంగా ఒకేలా ఉండే లూయిస్ జాతి ఎలుకల్లో ఒకదాన్నుంచి ఇంకోదానికి మొదలుపెట్టండి. రెండో రోజు చావుకి మాత్రం రిజెక్షన్ కారణం కాదు. డోనర్ బరువు రెసిపియెంట్ కంటే కాస్త తక్కువ ఉండేలా చూడండి.

ఆఖరి ప్రశ్న, ఆర్టరీ. కమడ పద్ధతిలో అది కలపరు, ఎలుకలు బతుకుతాయి. మనిషిలోనైతే ఆ మాటే లేదు, కలపాల్సిందే. అయితే పైత్యనాళానికి రక్తం ముఖ్యంగా ఆర్టరీ నుంచే వెళ్తుంది కాబట్టి నెలల తరబడి చూసే ప్రయోగమైతే, అందులోనూ పైత్యనాళమే మీ అంశమైతే, తప్పకుండా కలపాలి. అన్‌హెపాటిక్ ఫేజ్ అయిపోయాక చేసే పని కనుక టైమ్ టెన్షన్ లేదు. మీ ఎలుకలు వరుసగా వారం దాటి, పైత్యనాళంలో పెట్టిన 22 గేజ్ స్టెంట్ (సన్నటి గొట్టం) కదలకుండా నిలబడ్డాక మొదలుపెట్టండి. ఈలోగా తర్వాతి పోస్ట్‌మార్టమ్‌లో పేగుల రంగు, కాలేయం రంగు, పోర్టల్ కఫ్ నాలుక ఏ దిక్కుకి ఉందీ ఈ మూడూ రాసి పంపండి. ఫోటో ఉంటే మరీ మంచిది, చూసి చెప్తాను.